కత్తిరింపు షెడ్డులో నేల వాలు



1892లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జాకీ హౌ అనే ఆయన చేతికత్తెరతో ఒక్కరోజే 321 గొర్రెలకు ఉన్ని తీశాడు. ఆ చేతివేగాన్ని అక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. నేను మాత్రం కత్తెర పట్టకముందు జరిగే పని గురించి మాట్లాడతాను.

అక్కడి పద్ధతిలో దొడ్డిలోంచి గొర్రెను పట్టి తెచ్చుకోవడమూ కత్తిరించేవాడి పనే. దాన్ని పిరుదుల మీద కూలేసి, ముందుకాళ్ళ కింద పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చుకొస్తాడు. పెద్ద మెరినో గొర్రె యాభై కిలోల పైమాటే. రోజుకు 150 గొర్రెలంటే ఏడున్నర టన్నులు! ఆ పైన ప్రతి గొర్రెకూ నడుము వంచి కత్తిరించాలి. ఆ వంగడాన్ని పూర్తిగా తప్పించే షెడ్డు లేదు. ఈడ్పును తగ్గించడం మాత్రం కట్టేవాళ్ళ చేతిలో ఉంది. అందుకే ఏ షెడ్డుకు వెళ్ళినా నేను ముందు నేల చూస్తాను.

అక్కడి పరిశోధకులు రకరకాల నేలల మీద ఈడ్పుకు పట్టే బలాన్ని కొలిచారు. పదడుగులకు అడుగు చొప్పున వాలు ఉండి, చెక్క పట్టీలు ఈడ్చే దిశలోనే పరిచి ఉంటే శ్రమ బాగా తగ్గింది. అవే పట్టీలు అడ్డంగా వేస్తే గొర్రె ఒళ్ళు ప్రతి అంచుకూ తగులుకుంటుంది. పట్టీల మధ్య సందులుండాలి. పెంట, మూత్రం కిందికి పోతే ఉన్ని శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ సందుల్లోంచి కింది వెలుతురు పైకి రాకూడదు. కాళ్ళ కింద వెలుగు కనబడితే గొర్రె బెదిరి నిలబడిపోతుంది, వెనక మందంతా ఆగుతుంది. షెడ్డు అడుగు పక్కల్ని మూసేస్తే సరి. వెలుతురు ఎదుట ఉంటే వాటంతట అవే నడుస్తాయి.

దొడ్డి తలుపు నుంచి కత్తిరించే చోటుకు దూరం మూడు మీటర్లు దాటకూడదు, దారిలో మలుపు ఉండకూడదు. పని పూర్తయిన గొర్రె పక్కనే ఉన్న జారుడుదారిలోంచి కిందికి పోవాలి. కత్తిరించే అరుగు నడుమెత్తున ఉంటే ఉన్ని ఏరేవాళ్ళకు వంగే బాధ తప్పుతుంది. వాళ్ళ నడుము సంగతి ఎవరూ పట్టించుకోరు.

యంత్రాలు వచ్చాక ఇంకో ప్రమాదం చేరింది. 1888లో న్యూ సౌత్ వేల్స్‌లోని డన్‌లప్‌లో మంద మొత్తానికీ యంత్రాలతోనే ఉన్ని తీశారు. యంత్రం దువ్వెన, కత్తి బిగుసుకుంటే చేతిలోని పరికరం అదుపు తప్పి గిర్రున తిరుగుతుంది, చెయ్యి తెగుతుంది. బిగుసుకోగానే వాటంతట అవే ఆగిపోయే మోటార్లు ఇప్పుడున్నాయి. ఖర్చని వాటిని వాయిదా వెయ్యడం అన్యాయం.

మన దక్కని గొర్రెల దగ్గర కత్తిరింపు చేతికత్తెరతోనే, ఎక్కువగా ఆరుబయటే. చిన్న మందకు పెద్ద షెడ్డు అక్కర్లేదు. నీడ, సందుల చెక్క అరుగు, దగ్గరగా దొడ్డి చాలు. ఎవరైనా పెద్దగా కట్టదలిస్తే సిమెంటు పోసేముందు చెక్కలతో ఒక దొడ్డి నిలబెట్టి, కత్తిరించేవాళ్ళతో ఒక పూట పని చేయించండి. తలుపు ఎటు తెరుచుకోవాలో వాళ్ళు చెబుతారు.