ఇంటిపేరుల వృద్ధిక్షయములు



ఇంటిపేరు చెప్పనిదే మన తెలుగునాట పరిచయము పూర్తికాదు. మనిషి పేరునకు ముందు ఇంటిపేరు నడచుట మన సంప్రదాయము. అయినను ఒక ఇంటిపేరు పది యూళ్లలో వందలకొలది గడపలకు వ్యాపించుటయు, వేరొకటి ఒక్క గడపతో అంతరించుటయు ఏల జరుగుచున్నదని విచారించువారు అరుదు. నేటి ప్రసంగమున ఆ విషయమునే కొంత విచారింతము.

మొదట పుట్టుకను చూతము. మన ఇంటిపేరులలో పెక్కు ఊరిపేరులే. పాల్కురికి సోమనాథుడును, బమ్మెర పోతనయు గ్రామనామములతోనే ప్రసిద్ధులైరి. మా జిల్లాలోని నేలకొండపల్లిలో పుట్టిన భక్తరామదాసు ఇంటిపేరు కంచర్ల. ఆయన మేనమామలైన అక్కన్న మాదన్నల ఇంటిపేరు పింగళి. ఇందొక చమత్కారము కలదు. ఊరిలోనున్నవానిని ఆ యూరిపేరుతో ఎవరును పిలువరు. ఊరు విడిచి పరస్థలము చేరినవానినే పిలుతురు. కావున ఊరిపేరైన ఇంటిపేరు వలసకు గుర్తు. ఒకే యూరినుండి వేర్వేరు కులములవారు వలసపోవుటచేత, ఇంటిపేరొకటియైనను గోత్రములు వేరగుట మనమెరిగినదే.

ఇక మా ఏన్కూరు సంగతి. ఖమ్మము మెట్టపొలములు ముగిసి భద్రాచలపుటడవులు మొదలగు సరిహద్దు ఇది. ఇచట రెండు విధములైన పద్ధతులు ప్రక్కప్రక్కనే కానవచ్చును. మైదానమునుండి వచ్చిన రైతుకుటుంబములలో ఇంటిపేరులు అనేకము. ఒక్కొక్క పేరుగల ఇండ్లు కొద్ది. కోయలలోను లంబాడీలలోను పేరులు కొద్ది. ఒక్కొక్క పేరుగల జనము విస్తారము. కోయలలో సోడె, కుంజా, మడకం, పూనెం, తెల్లం మున్నగు ఇంటిపేరులు 'గట్టు'లుగా చేరియుండును. ఒక గట్టువారందరు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి పొసగదు. పేరే వావివరుసలను నిర్ణయించునప్పుడు దానిని ఇచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు వీలులేదు. లంబాడీలకును అంతే. మహారాష్ట్రమున వారిలో పలువురు రాఠోడ్ అని పెద్దశాఖ పేరు వ్రాసికొందురు; మనవైపున దానిలోని ఉపశాఖయైన భూక్యా మొదలగు పేరులు వ్రాసికొందురు. ఏన్కూరు చేరియున్న వైరా నియోజకవర్గమునుండి 2009లోను 2014లోను శాసనసభకు ఎన్నికైన ఇరువురును బానోతువారు. 2018లో లావుడ్యావారు, 2023లో మాలోతువారు గెలిచిరి.

ఇక క్షయమునకు కారణమేమి? ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు 1873లో ఈ ప్రశ్ననే వేసెను. వాట్సన్ అను మతాచార్యుడు లెక్కకట్టగా, ఇరువురును 1874లో దానిని ప్రకటించిరి. ఆ లెక్కను మన మాటలలో చెప్పెదను. నూరు ఇంటిపేరులకు నూరుగురు పురుషులున్నారనుకొనుడు. వారిలో నాల్గవవంతునకు కుమారులు లేరు, సగమునకు ఒక్కొక్కడు, మిగిలిన నాల్గవవంతునకు ఇద్దరేసి. మొత్తముమీద పురుషుల సంఖ్య నూరే. కాని మొదటి తరముననే ఇరువదియైదు పేరులు పోయినవి. ఇదే రీతి సాగినచో రెండవ తరమునకు సుమారు ముప్పదితొమ్మిది, మూడవ తరమునకు నలువదియెనిమిది పోవును. ఎవరి పాపమును లేదు, ఎవరి శాపమును లేదు, జనమును తగ్గలేదు. జనము పెరుగుచున్నను పేరులన్నియు తుదకు నశించునని వాట్సన్ తేల్చినది మాత్రము సరికాదని తరువాతివారు నిరూపించిరి. పెరుగు జనములో కొన్ని పేరులు నిలిచి విస్తరించును.

కావుననే ఇంటిపేరులు మిక్కిలి ప్రాచీనములైన చీనాలో వాంగ్, లీ, ఝాంగ్ అను మూడు పేరులే 25 కోట్లకు మించిన జనమునకు కలవు. దక్షిణకొరియాలో 2015 జనగణన ప్రకారము ప్రతి అయిదుగురిలో ఒకరు కిమ్. జపానులోనో, 1875లో ప్రజలందరు ఇంటిపేరు పెట్టుకొనవలెనని శాసనము వచ్చుటచేత అసంఖ్యాకములైన పేరులు నేటికిని ఉన్నవి.

మనవారు దత్తతచే పేరును నిలుపుకొనిరి. దత్తపుత్రుడు పెంచినవారి ఇంటిపేరునే ధరించును. కాని ఈనాడు పేరును చీల్చునది మరణముకంటె వ్రాతయే. అన్న సర్టిఫికెట్టులో 'బానోతు', తమ్ముని దానిలో 'బాణోత్', తండ్రి పట్టాదారు పాసుపుస్తకములో ఇంకొకటి! ఏకోదరులని ఋజువు చేసికొనుటకు బీదవాడు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. బడిలో పేరు వ్రాయు ఉపాధ్యాయుడు తండ్రి కాగితమును ఒకసారి చూచి అక్షరము అక్షరముగా వ్రాసినచో ఈ చిక్కు చాలవరకు తొలగును.

తుదకొక మనవి. ఇంటిపేరు నిలుచుట వేరు, వంశము నిలుచుట వేరు. కుమార్తెల సంతానము మన రక్తము కాదా? మగబిడ్డ లేడని, ఇంటిపేరు మునిగినదని ఆడుబిడ్డల తల్లిని నిందించువారు పైలెక్కను స్మరింతురుగాక. నూటికి ఇరువదియైదు గడపలకు సహజముగా తటస్థించుదానికి ఒక యిల్లాలిని దోషిని చేయుట న్యాయము కాదు. పేరును కాపాడవలెనన్న, ఆ పేరు ఏ యూరినుండి వచ్చినదో, పూర్వులెవరో ఇంటి పెద్దలనడిగి వ్రాసియుంచుడు. కొడుకులకెంత చెప్పుదురో కూతుళ్లకును అంతే చెప్పుడు.

సెలవు.