విదేశములలో వ్యాపారశిక్షణము

(బంగారుపాళ్యమున రైతులును కళాశాల విద్యార్థులును కూడిన సభలో చేసిన ఉపన్యాసము)



ఈ మార్కెట్టు యార్డులో నిలిచి విదేశవిద్యను గూర్చి మాటాడుట కొందరికి వింతగా దోచవచ్చును. చదువుల మాట తిరుపతిలోనో విశాఖపట్టణములోనో చెప్పవలసినది గాని మామిడికాయల బండ్లు నిలుచుచోట నేల యని వారడుగుదురు. నేను కోరియే యీ చోటికి వచ్చితిని. కారణము మనవిచేసెదను.

2025 వ సంవత్సరపు వేసవిలో ఈ జిల్లాలో జరిగిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తోతాపురి కాయలు నింపుకొన్న ట్రాక్టర్లు ఫ్యాక్టరీల వాకిళ్లయెదుట బారులుదీరి నిలిచెను. టోకెను దొరకనివాని కాయ బండిమీదనే మగ్గి కారిపోయెను. తుదకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, రాష్ట్రప్రభుత్వము 4 రూపాయలు, వెరసి కిలోకు 12 రూపాయలని యేర్పాటు జరిగెను. కేంద్రప్రభుత్వము 1,62,500 టన్నుల మేరకు క్వింటాలునకు సుమారు 1,490 రూపాయల ధరను ఆమోదించెను. ఆ సొమ్ము ఎవరి చేతికి ఎప్పుడు వచ్చెనన్నది వేరు ప్రశ్న; దానిని నేడెత్తుకొనను. ఆనాడు చెప్పబడిన కారణము మాత్రము జ్ఞాపకము చేసికొనుడు: గతయేటి గుజ్జు నిలువ యుండిపోయినదట, పైదేశముల బేరము మందగించినదట. ఈ మాటలో నిజమెంత, నెపమెంత యని తేల్చి చెప్పగలవాడు ఆ దినమున ఈ యార్డులో ఒక్కడైన నుండెనా?

చెట్టు మనకు తెలియును. పూత యెప్పుడు మాడునో, పిందె యెందుకు రాలునో మన తాతలకును తెలియును. ర్యాంపు దగ్గర తూకము సంగతియు చేదు అనుభవముచేత నేర్చితిమి. అంతటితో మన తెలివి ఆగిపోవుచున్నది. కాయ గుజ్జయి, గాలి చొరని సంచులలో నిండి, ఒక్కొక్కటి రెండువందల కిలోలకు పైబడిన ఇనుపడ్రమ్ములలో చెన్నపట్టణపు రేవునకు చేరును. అటుపై సౌదీ అరేబియాకో, యెమెనునకో, నెదర్లాండ్సునకో పోవును. ఆ డ్రమ్మును అక్కడ విప్పువాడెవడు? దాని తీపిని బ్రిక్సు అను కొలతతో కొలిచి, ఒప్పందములో వ్రాసిన అంకె రాకున్న తిరుగగొట్టును. పురుగుమందు శేషమెంత మిగిలినదో పరీక్షించును. బ్యాంకువారి లెటర్ ఆఫ్ క్రెడిట్టులో ఒక్క మాట సరుకుపత్రములతో పొసగకున్న సొమ్ము నిలిచిపోవును. 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన దేశపు తాజా మామిడిని రానీయక తలుపు మూసెను. పండ్లలో పండుఈగ కనబడుటయే కారణము. ఆ తలుపు 2015లోగాని తెరచుకొనలేదు. ఇట్టి కబురు ముందుగా తెలిసినవాడు జాగ్రత్తపడును. తెలియనివానికి అది ధర పడిపోయిన రూపముననే వచ్చును.

ఈ విద్య పుస్తకమున దొరకదా యందురేమో. కొంత దొరకును. ఓడసరుకు పత్రము నమూనా పుస్తకములో నున్నది. కాని కొనువాడు ఏ నెలలో ఒప్పందము కుదుర్చుకొనును, ఏ మాటకు మెత్తబడును, మన సరుకు బదులు మరియే దేశపు సరుకు తెప్పించును అనునవి రేవులోను, గిడ్డంగిలోను, వర్తకుని కార్యాలయములోను కూర్చుండి పనిచేసినవానికే తెలియును. ఈత గట్టుమీద నేర్చిన వారెవ్వరు?

ఈ సత్యమును ఇతర దేశములవారు ఎప్పుడో గుర్తించిరి. జర్మనీలో అంతర్జాతీయ వ్యాపారము చదువు విద్యార్థులు పలుచోట్ల ఒక అర్ధసంవత్సరము పూర్తిగా ఏదేని సంస్థలో పనిచేసిరావలయును. ఆ పని పరదేశములో చేయువారికి సాయపడు విద్యార్థివేతనములును గలవు. 1987లో మొదలైన ఎరాస్మసు అను ఐరోపా పథకము తొలుత పరదేశపు కళాశాలలో చదువుటకే ధనమిచ్చెడిది. తరువాత పరదేశపు కంపెనీలలో రెండు నెలలు మొదలు పండ్రెండు నెలలవరకు పని నేర్చువారికిని ఇచ్చుచున్నది. ఫ్రాన్సువారు మరియొక అడుగు ముందుకు వేసిరి. 2000 లో చట్టముచేసి, 18 మొదలు 28 ఏండ్లలోపు యువకులను తమ కంపెనీల విదేశీశాఖలకు ఆరు నెలలు మొదలు రెండేండ్లవరకు పంపుచున్నారు. ఏర్పాటు ప్రభుత్వసంస్థది, ఖర్చు కంపెనీది. ఇందు దానధర్మమేమియు లేదు. తమ సరుకు అమ్మగల మనుష్యులను తయారుచేసికొనుచున్నారు.

మన దేశమున ఈ ఆలోచన లేకపోలేదు. జంషెడ్జీ టాటా 1892లోనే విదేశవిద్యకు నిధి నెలకొల్పిరి. 1904లో కలకత్తాలో శాస్త్ర పారిశ్రామిక విద్యాభివృద్ధికై యొక సంఘమేర్పడి, చందాలు పోగుచేసి, యువకులను జపానునకు, అమెరికాకు, ఐరోపాకు పంపెను. వారిలో కొందరు తిరిగివచ్చి చిన్నవో పెద్దవో పరిశ్రమలు పెట్టిరి. అదే సంవత్సరమున ఆంగ్లప్రభుత్వమును పారిశ్రామిక విద్యార్థివేతనములను ఆరంభించెను. వీని కథ మనకు మిక్కిలి అవసరము. వేతనము పొంది సీమకేగినవారికి తరగతిగదిలో బెంచీ దొరకెను గాని, ఫ్యాక్టరీ తలుపు అంత సులువుగా తెరచుకొనలేదు. నేడు పని నేర్పినచో రేపు పోటీకి వచ్చునని అక్కడి యజమానుల శంక. ఫిర్యాదులు పెరుగగా థియోడోర్ మారిసన్ అధ్యక్షతన విచారణసంఘము కూర్చుండి 1913లో నివేదిక యిచ్చెను. పట్టమును ధనమిచ్చి సంపాదింపవచ్చును. పనిశాలలో చోటు అట్లు దొరకదని ఆనాడే తేలినది.

మన జిల్లావారి మాట మరువరాదు. చిత్తూరునంటియున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1902లో భారతప్రభుత్వపు విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి పోయిరి. తిరిగివచ్చి అర్థశాస్త్రమును తెలుగున వ్రాసి, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి వైస్ ఛాన్సలరైరి. ఆ యొక్కని ప్రయాణపుఖర్చు తెలుగుదేశమునకు ఎన్ని యింతలుగా తిరిగివచ్చెనో లెక్కకట్టువారెవరు? యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునకు పోవునపుడు మామగారు కూర్చిన సొమ్మునకు తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధి ఆసరా యయ్యెను. ఆ సత్యలింగనాయకరుగారు రంగూనులో గడించి ఆ ధనమును స్వస్థలమున ధర్మమునకు విడిచిన మహానుభావులు. సముద్రము దాటి గడించిన సొమ్ము మరియొకరిని సముద్రము దాటించినది! అయినను ఆ సాయము చాలక సుబ్బారావుగారు బోస్టనులో రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయవలసివచ్చెను. సగము సాయము చేసి విద్యార్థిని నడిసముద్రమున విడుచు పద్ధతి నేటికిని పోలేదు.

నేడు వేతనములు లేవా యనగా, గలవు. కేంద్రప్రభుత్వపు జాతీయ విదేశీ విద్యార్థివేతనము గలదు. తెలంగాణమున అంబేద్కరుగారి పేర విద్యానిధి గలదు. మన రాష్ట్రమున 2022లో ప్రపంచపు తొలి రెండువందల విశ్వవిద్యాలయములలో చోటు దొరికినవారికై యొక పథకము వెలువడెను. ఇవన్నియు పేదయింటి బిడ్డలకు ద్వారములే. కాని యివి పట్టము కొరకై పెట్టినవి. ఇక్కడనే వాణిజ్యము చదువుచు, నడుమ ఒక్క అర్ధసంవత్సరము రోటర్‌డాములోనో జెడ్డాలోనో పని నేర్చి వచ్చెదనను విద్యార్థికి వీనిలో చోటు లేదు. 2022లో కాకినాడలో భారతీయ విదేశవాణిజ్యసంస్థ తన శాఖను తెరచినది. అంతర్జాతీయ వ్యాపారము నేర్పు పెద్ద విద్యాలయము తెలుగుగడ్డమీదనే యున్నది. కావలసినది దానికి మా బంగారుపాళ్యపు బిడ్డ చేరుటయు, అటనుండి ఒడ్డు దాటుటయును.

నాకు తెలిసిన యొక బాలుడున్నాడు. తండ్రికి మూడెకరముల తోట. వాణిజ్యము చదువుచు, పండ్లరసము దిగుమతి చేసికొను ఒక విదేశీసంస్థకు తానే జాబు వ్రాసి ఆరు నెలల శిక్షణకు ఒప్పించెను. జీతము లేదు, పని నేర్పుదురు. విమానపుటిక్కెట్టు, వీసా, ఆరు నెలల తిండి ఎవరిత్తురు? బ్యాంకునకు పోగా, పట్టము చదువునకైతే అప్పు గలదు, దీనికి లేదనిరి. తండ్రి తోట తాకట్టు పెట్టుదునన్నాడు. కుమారుడు వలదన్నాడు. అదే తరగతిలోని ధనవంతుని కొడుకు పోయివచ్చెను; వాని తప్పేమియు లేదు. పోనివాడు తెలివితక్కువవాడు కాడనియే నా మొర.

ఖర్చు భరింపరానిదా? కొంచెము లెక్క చూడుడు. జర్మనీ ప్రభుత్వము విద్యార్థి జీవనమునకు నెలకు 992 యూరోలు చూపవలయునని నిర్ణయించినది. ఆరు నెలలకు 5,952. అనగా సుమారు 6 లక్షల రూపాయలు. ప్రయాణము కలుపుకొన్న ఏడు లక్షలనుకొందము. ఇందాక చెప్పిన 1,62,500 టన్నులమీద కిలోకు ఒక్క పైస చొప్పున తీసినను 16 లక్షల 25 వేలు వచ్చును. ఒక్క పైసతో ఏటేట ఇద్దరు! ఆ పైస రైతు నెత్తిన వేయుమని నేననను. ఎగుమతివలన లాభించువారు సగము, ప్రభుత్వము సగము వేసికొనవచ్చును.

పోయినవాడు తిరిగిరాడు, వానికి పెట్టినది బూడిదలో పోసిన పన్నీరని పెద్దలందురు. ఆ భయము నిరాధారము కాదు. కాని పట్టమునకు పోయినవాడు అక్కడనే కొలువు వెదకికొనును; చదువు నడుమ పోయినవాడు పట్టమునకై యిక్కడికి రాకతప్పదు. మరియొకరు, విదేశీసంస్థవారు కాగితములు మోయించి పంపుదురందురు. అదియు జరుగుచున్నదే. కావున ఏ పని నేర్పుదురో ముందే వ్రాయించుకొని, మన అధ్యాపకుడొకడు నెలకొకసారి విచారింపవలయును. వేతనము ప్రతినెల మొదటి తేదీన చేరవలయును. పరదేశమున నున్నవానికి మూడు నెలల బాకీ యనగా మూడు నెలల పస్తు.

ఎంపిక పట్టణపు ఆంగ్లము చూచి చేయరాదు. తోట నుండి వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు ఆరు నెలలలో వచ్చును. తోట తెలియనివానికి కాయ సంగతి ఆరు నెలలలో రాదు. ఆడుబిడ్డలకు సగము చోట్లుండవలయును. ఇండ్లలో ఆవకాయ లెక్కనుండి పాలడబ్బుల లెక్కదాక చూచుచున్నవారు వారే గదా.

ఇక నేను పెట్టు షరతు ఒక్కటి. తిరిగివచ్చిన విద్యార్థి తాను చూచినది తెలుగున వ్రాసి, ఈ యార్డులోనే రైతుల యెదుట చదువవలయును: గుజ్జు నిలువ అక్కడ ఎంత యున్నది, కొనువారెవరు, మన డ్రమ్ములు ఎందుకు తిరుగగొట్టబడినవి, వచ్చు ఏడు ఏమి అడుగుదురు. తోతాపురి కోతలు జూనులో ముమ్మరమగును గనుక, ఆ సభ మే నెల దాటకుండ జరుగవలయును. మార్కెట్టు కమిటీ పెద్దలిందరు ఇక్కడనే యున్నారు. ఎగుమతిదారులకు నేడే యొక జాబు వ్రాసి, మీ సంతకములతో పంపుటకు సెలవిండు. కాగితము నేను తెచ్చితిని.