సబ్బు నురగ రాని నీరు



సంతబొమ్మాళి మండలంలో, నౌపడ ఉప్పుమళ్ల చేరువన కాపురముంటున్న మనకు బోరునీటి సంగతి కొత్త కాదు. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఉడకదు, కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఇది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. భారత ప్రమాణం ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటివసతి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. మరగకాచి, తేర్చి, వడగడితే కొంత సున్నం దిగిపోతుంది. ఉప్పదనం మాత్రం పోదు.

ఆ తెల్లటి పొర చూసి, కిడ్నీలు పాడవుతాయన్న భయంతో నీళ్లు తాగడమే తగ్గించిన పెద్దలను నేనెరుగుదును. డాక్టరు చెబితే తప్ప అలా చేయరాదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీటి కాఠిన్యమే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. ఈ జబ్బు మొదట్లో ఏ బాధా తెలియకుండానే ముదురుతుంది. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే జాడ తెలుస్తుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే రోజుల్లోనే, దంపతులిద్దరూ ఈ పరీక్ష కూడా చేయించుకోవలసిందిగా మనవి. సెలవు.