దిగి మోస్తే ఓడినట్టు కాదు

(కమ్యూనిటీ రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయే ఆట పేరు సైక్లోక్రాస్. పేరు వినగానే దుమ్ము రేపుకుంటూ ఎగిరే మోటారు సైకిళ్ళు మీ కళ్ళముందు కదిలి ఉంటాయి. దోహాలో మా ఆఫీసులో కూడా సగంమంది నేను ఇంజను బండి నడుపుతాననే అనుకుంటారు. ఇందులో ఇంజను లేదు. వంపు తిరిగిన హ్యాండిలు, గాట్లున్న సన్న టైర్లు ఉన్న ఒక సైకిలు, దాన్ని తొక్కే రెండు కాళ్ళు, అంతే. ఆ సైకిలు మనల్ని మోసినంతసేపు మోస్తుంది. తర్వాత దాన్ని మనం మొయ్యాలి. ఈ ఆటలోని తమాషా అంతా ఆ రెండో సగంలోనే ఉంది.

కాస్త వివరంగా చెబుతాను. పొలం గట్లు, గడ్డి, బురద, ఇసుక, మెట్లు కలిపి రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. దారికి అడ్డంగా చెక్కలు నిలబెడతారు, వాటి ఎత్తు 40 సెంటీమీటర్లు మించకూడదు. పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇన్ని చుట్లు తిరగాలని ముందే లెక్క ఉండదు. మగవాళ్ళ పెద్ద పోటీ దాదాపు గంటసేపు సాగుతుంది, మాలాంటి వయసు మళ్ళినవాళ్ళ పోటీ ముప్పావుగంట. ఆ సమయంలో అందరికన్నా ముందున్నవాడు ఎన్ని చుట్లు తిరిగితే అదే పందెం. చెక్క అడ్డొచ్చినా మెట్లు వచ్చినా ఎక్కువమంది సైకిలు దిగి, భుజానికెత్తుకుని పరుగెత్తి, మళ్ళీ ఎక్కి తొక్కుతారు.

దీని పుట్టిల్లు ఫ్రాన్సు, బెల్జియం ప్రాంతాలు. రోడ్డు పందేలు లేని చలికాలంలో ఒంట్లో వేడి తగ్గకుండా సైక్లిస్టులు పొలాలకు అడ్డంపడి తొక్కడం మొదలుపెట్టారు. 1902లో ఫ్రాన్సులో మొదటి జాతీయ పోటీ జరిగింది. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లపీజ్ తన గెలుపులో ఈ చలికాలపు సాధనకీ వాటా ఉందన్నాక దీనికి పేరొచ్చింది. మొదటి ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో జరిగితే ఝాఁ రోబిక్ గెలిచాడు.

చలి, బురద, పొలాలు. ఈ మూడింటిలో ఒక్కటీ సరిగా లేని ఖతార్‌లో ఈ ఆటేమిటని మీకు అనుమానం రావచ్చు. నిజమే, బెల్జియంలోలాగ వారం వారం పందేలు, చుట్టూ వేలమంది జనం ఇక్కడ ఉండరు. ఇక్కడ సైకిలంటే ముందు రోడ్డు. 2002 నుంచి 2016 దాకా టూర్ ఆఫ్ ఖతార్ జరిగింది. బెల్జియం వీరుడు టామ్ బూనెన్ దాన్ని నాలుగుసార్లు గెలిచాడు. 2020లో అల్ ఖోర్ దారి వెంట సైకిళ్ళ కోసమే 32 కిలోమీటర్లు దాటిన బాట వేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. మట్టి దారులు ఇష్టపడేవాళ్ళు జెక్రీత్ వైపు సున్నపురాతి నేలమీద మౌంటెన్ బైకులు తొక్కుతారు. మేము కొద్దిమందిమి మాత్రం ఊరి బయట ఇసుకలో మా చుట్టు మేమే గీసుకుని, రెండు చెక్కలు పాతుకుని, గడియారం పెట్టుకుని సైక్లోక్రాస్ ఆడుకుంటాం. కప్పులు, డబ్బులు ఏమీ లేవు. కాగితం మీద వరసగా పేర్లు రాసుకుంటాం.

తమాషా ఏమిటంటే యూరప్ వాళ్ళ సీజనూ మా సీజనూ దాదాపు ఒకటే. వాళ్ళు చలికాలం వచ్చిందని రోడ్డు వదిలి పొలంలోకి దిగుతారు, మేము చలికాలం వస్తేనే ఇంట్లోంచి బయటికొస్తాం. వేసవిలో ఎండ నలభై అయిదు డిగ్రీలు చేరుతుంది. 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పగలు పది నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. పొట్టకూటి పనికే ఆంక్ష ఉన్న ఎండలో సరదా పందేలేమిటి?

ఇక కొండలంటారా, దేశం మొత్తంలో ఎత్తయిన చోటు నూరు మీటర్లకి కాస్త పైన, అంతే. మా కొండ ఇసుకే. ఇసుకలో ముందు చక్రం ఎటు పోదామంటే అటు పోనివ్వాలి. హ్యాండిలు బిగించి పట్టుకుంటే పడిపోతాం. బరువు వెనక్కి వేసి, టైర్లలో గాలి తగ్గించి, ఆపకుండా ఒకే తీరున తొక్కాలి. వేగం తగ్గిందని తెలిసిన క్షణంలోనే దిగిపోవాలి. పూర్తిగా ఆగాక దిగేవాడికి మళ్ళీ ఊపు రావడం కష్టం. బెల్జియం తీరంలో కోక్సైడ అనే ఊరి ఇసుక దిబ్బలు ఇందుకే ప్రసిద్ధి. 2012 ప్రపంచ పోటీ అక్కడ జరిగితే మగవాళ్ళలో మొదటి ఏడు స్థానాలూ బెల్జియం వాళ్ళవే. వాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ ఇసుకలో పడి లేచినవాళ్ళు.

ఇప్పుడు ఒక సీజన్ ఎలా నడుస్తుందో చెబుతాను. నాదే చెబుతాను, ఎందుకంటే మామూలు ఆటగాడి సీజను ఏ పత్రికా రాయదు. మాకు మొత్తం ఆరు పందేలు, పద్నాలుగుమంది ఆటగాళ్ళు. ఒక ఫిలిప్పీన్స్ నర్సు, ఇద్దరు డచ్చి ఇంజనీర్లు, ఒక మలయాళీ అకౌంటెంటు, ఇలా రకరకాలవాళ్ళు. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

అక్టోబరులో మొదటి పందెం. తెల్లవారుజాము అయిదున్నరకే గాలిలో తేమ ఆవిరిపొయ్యి దగ్గర నిలబడ్డట్టుంది. ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుందని శరీరశాస్త్రం చెబుతుంది. వేసవంతా ఏసీ గదుల్లో గడిపిన ఒంటికి ఆ గడువు సరిపోలేదు. పదకొండో స్థానం. నవంబరులో గాలి చల్లబడింది, తొమ్మిదో స్థానం. డిసెంబరు మొదట్లో ఆరో స్థానం! ఆ రోజు చెక్కల దగ్గర దిగడం, ఎక్కడం నీళ్ళు తాగినంత సులువుగా జరిగిపోయాయి. ఎప్పుడూ నాకు పది గజాల ముందుండే మలయాళీ అకౌంటెంటు మొట్టమొదటిసారి నా వెనక ఉన్నాడు. ఇంటికొచ్చి రెండుసార్లు టిఫిను తిన్నాను.

పైకి వెళ్ళేదాకానే గ్రాఫు అందంగా ఉంటుంది. ఆ నెలాఖరులో షమాల్ వీచింది. షమాల్ అంటే వాయవ్యం నుంచి వచ్చే గాలి, ఎడారి ఇసుకనంతా మోసుకొస్తుంది. రాత్రికి రాత్రి మా చుట్టులో గట్టి నేల ఉన్నచోట మెత్తటి ఇసుక పేరుకుంది. సాధనలో ముందు చక్రం అందులో కూరుకుపోయింది, నేను భుజం మీద పడ్డాను. కాలర్ బోన్‌లో సన్నటి చీలిక. డాక్టరు గారు ఆరు వారాలు సైకిలు ఎక్కొద్దన్నారు. జనవరిలో రెండు పందేలు పోయాయి.

ఆ ఆరు వారాల గురించి ఎవరూ మాట్లాడరు. దెబ్బ నొప్పి పది రోజుల్లో తగ్గింది. తగ్గనిది ఇంకొకటి. ఇక్కడ సెలవు శుక్రవారం. పొద్దున్నే నాలుగున్నరకి లేచి వెళ్ళే అలవాటు పోయేసరికి శుక్రవారాలు ఏం చేయాలో తెలియని కొత్త సమయమయ్యాయి. మా ఆవిడ మొదట "హమ్మయ్య, ఒక్క శుక్రవారమైనా ఇంట్లో ఉన్నారు" అంది. మూడో వారానికి "మీరెప్పుడు బయటికెళ్తారండీ" అని అడిగింది. మా పాప పదకొండేళ్ళది. దానికి ఒకటే ప్రశ్న, "నాన్నా, ఇక నీకు ర్యాంకు ఉండదా?"

ఆ మాట దగ్గరే నేను చాలారోజులు ఆగిపోయాను. మనం ర్యాంకుల్లో పుట్టి ర్యాంకుల్లో పెరిగినవాళ్ళం. ఎంసెట్లో ఎంత, క్లాసులో ఎన్నో స్థానం, ఫలానావారి అబ్బాయికి జీతమెంత. దేశం దాటి వచ్చినా ఆ కాగితం మన జేబులోనే ఉంటుంది. మన ఇళ్ళల్లో పిల్లలు ఒక ఆటలో చేరి రెండు నెలల్లో మొదటి ముగ్గురిలోకి రాకపోతే, "వాడికి అది రాదులెండి, లెక్కల ట్యూషనుకి పంపుదాం" అంటాం. మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ ఆ పిల్లవాడు నేర్చుకునేది ఒకటే, దిగాల్సి వస్తే ఆట అయిపోయినట్టేనని.

సైక్లోక్రాస్ దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇందులో ప్రపంచ విజేత కూడా సైకిలు దిగుతాడు, భుజానికెత్తుకుని పరుగెత్తుతాడు, బురదలో జారి పడతాడు. దిగకుండా గెలవడం కష్టమయ్యేలా ఈ దారి గీస్తారు. దిగడం ఈ ఆటలో భాగమే. ఎంత తొందరగా మళ్ళీ ఎక్కావన్నదే లెక్క.

పెద్దవాళ్ళ సంగతి చూడండి. నెదర్లాండ్స్ ఆటగాడు మాత్యూ వాన్ డెర్ పోల్ 2018 సీజన్లో చాలా పందేలు గెలిచి, అసలైన ప్రపంచ పోటీలో మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. తర్వాత మూడేళ్ళు వరసగా గెలిచాడు. 2022లో వెన్నునొప్పివల్ల ఆ పోటీకి రానేలేదు. 2023, 2024, 2025లో మళ్ళీ వరసగా గెలిచి, ఏడు టైటిళ్ళతో ఎరిక్ దె వ్లేమింక్ పాత రికార్డుని అందుకున్నాడు. ఏడు కిరీటాల మధ్య ఓటమి, నొప్పి, రాలేని ఏడాది కూడా ఉన్నాయి.

మా దోహా కథ ఇంకొకటి. 2016 అక్టోబరులో రోడ్డు సైకిలు ప్రపంచ పోటీలు ఇక్కడ జరిగాయి. మగవాళ్ళ పందెం 250 కిలోమీటర్ల పైచిలుకు. ఎడారిలో పక్కగాలి కొట్టిన చోట బెల్జియం వాళ్ళు ఒక్కసారిగా వేగం పెంచారు. గుంపు ముక్కలైపోయింది. ముందు ముక్కలో మిగిలింది సుమారు పాతికమంది. మార్సెల్ కిట్టెల్, ఆంద్రె గ్రైపెల్ లాంటి పేరుమోసిన జర్మన్ స్ప్రింటర్లు వెనకే ఉండిపోయారు. ముందు గుంపుని చిట్టచివర అందుకున్నవాళ్ళలో స్లొవేకియా ఆటగాడు పీటర్ సగాన్ ఒకడు. పెర్ల్ దీవిలో గమ్యం దగ్గర గెలిచింది అతనే. కావెండిష్ రెండో స్థానం, బూనెన్ మూడో స్థానం. ఆ సగాన్ కుర్రతనంలో సైక్లోక్రాస్ ఆడినవాడు. 2008లో జూనియర్ల ప్రపంచ పోటీలో వెండి పతకం తెచ్చుకున్నాడు.

సరే, నా సీజన్ దగ్గరికొద్దాం. ఫిబ్రవరిలో డాక్టరు గారు సరేనన్నారు. ఆ నెల రెండో మంగళవారం ఖతార్‌లో జాతీయ క్రీడా దినోత్సవం, 2012 నుంచీ దేశమంతటికీ సెలవు. ఇంటిల్లిపాదీ కోర్నిష్ మీద నడిచాం, పాప సైకిలు తొక్కింది. నాకు సాధన అంతే.

మార్చిలో చివరి పందెం. ఆ రోజు వచ్చింది పదమూడుమందిమి. మొదటి చుట్టులోనే తెలిసిపోయింది, ఊపిరి సరిపోదని. ఆరో స్థానం వాళ్ళు కనుచూపు మేర లేరు. నా ముందు మలయాళీ అకౌంటెంటు, వెనక ఒక డచ్చి ఇంజనీరు. ముప్పావుగంట పాటు మాకు మేమే ప్రపంచ పోటీ. ఇసుకలో అతను దాటితే చెక్కల దగ్గర నేను దాటేవాణ్ణి. చివరికి అతను ఒక చక్రం తేడాతో నాకన్నా ముందు దాటాడు. అతను పదకొండు, నేను పన్నెండు. ఇద్దరం ఇసుకలో కూలబడి పది నిమిషాలు మాట్లాడుకోలేకపోయాం. డిసెంబరులో వచ్చిన ఆరో స్థానం కన్నా నాకు ఆ పన్నెండో స్థానమే ఎక్కువ గుర్తుంది. ఆ వేళ ఎక్కిన ప్రతి ఎక్కూ కష్టపడి ఎక్కిందే.

ఇంటికొచ్చాక పాప మామూలుగానే ర్యాంకు అడిగింది. పదమూడుమందిలో పన్నెండు అని చెప్పాను. "అంటే ఒకణ్ణి ఓడించావన్నమాట" అంది. లెక్క కరెక్టే. "ఎన్నిసార్లు దిగావు?" అని తర్వాత అడిగింది. చుట్టుకి మూడుసార్లు, ఎనిమిది చుట్లు. "ఇరవై నాలుగుసార్లు మళ్ళీ ఎక్కావా!" అని ఆశ్చర్యపోయింది. ఆ లెక్క నాకు తట్టలేదు.

గల్ఫులో ఉండి సైకిలు మొదలుపెడదామనుకునే శ్రోతలకి నాలుగు మాటలు. వేసవి నుంచి బయటికొచ్చాక మొదటి రెండు వారాలు నెమ్మదిగా తొక్కండి. గంటకి లీటరు చెమట పోవడం ఇక్కడ మామూలే, కనక నీళ్ళలో కాస్త ఉప్పు కూడా ఉండాలి. సబ్ఖా అనే ఉప్పు నేల మీద తిరిగితే ఇంటికి రాగానే గొలుసు కడిగి నూనె వెయ్యండి, లేకపోతే నెలలో తుప్పు పడుతుంది. సైకిళ్ళకి ప్రత్యేకమైన బాట ఉన్నచోట పెద్ద రోడ్డు ఎక్కకండి. చీకట్లో దీపం లేకుండా అసలు వెళ్ళొద్దు. మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళలో పనికి సైకిలు మీదే వెళ్ళేవాళ్ళు ఉంటారు. మాది సరదా, వాళ్ళది అవసరం. కారు నడిపే శ్రోతలు ఇద్దరికీ సమానంగా దారివ్వండి.

మీ పిల్లల్ని ఏ ఆటలోనైనా చేర్చండి, సైకిలే కానక్కర్లేదు. ఒక్క సీజను పూర్తిగా ఆడనివ్వండి, మొదటి రెండు పందేలు చూసి మానిపించకండి. ఇంటికి రాగానే ఎన్నో స్థానమని అడగడం మనం ఎలాగూ మానలేం. దాని తర్వాత ఇంకొక ప్రశ్న కూడా అడగండి, ఎన్నిసార్లు మళ్ళీ ఎక్కావని.