పాటలోని గొంతు ఎవరిది?



జాతిని గురించి, కులాన్ని గురించి ఒక కవి పాట కడితే అందులోని మాటలన్నీ ఆయన సొంత అభిప్రాయాలేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరం పోనక్కరలేదు. మన వేలూరు కారాగారమే చాలు. పలనాటి పుల్లరి ఉద్యమంలో శిక్షపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ఇక్కడి జైలు గోడల నడుమ ‘మాలపల్లి’ రచించారు. ఈ ఊరిని తెలుగువారు రాయవేలూరని పిలిచే రోజులవి. 1922లో ఆ నవల అచ్చయింది.

నవలే అయినా అందులో పాటలున్నాయి. ‘చరమగీతము’, ‘సమతాధర్మము’ వాటిలో ప్రసిద్ధమైనవి. పంతులుగారు పుట్టుకచేత బ్రాహ్మణులు, డబ్లిన్‌లో చదివిన బారిస్టరు. గ్రంథం మాత్రం మాలవాడ బాధను పలుకుతుంది. మరి ఆ గొంతు ఎవరిది? నవలలో రామదాసు వేదాంతి. దెబ్బతిన్నా ఎదురు తిరగడు. కొడుకుల్లో వెంకటదాసు ధనికులను కొల్లగొట్టే దారి పడతాడు. సంగదాసు శాంతంగా సంస్కరణ కోరి, భూస్వామి చేతి దెబ్బకు ప్రాణం విడుస్తాడు. ముగ్గురినీ సృష్టించిన కలం ఒక్కటే. ముగ్గురి మాటా రచయిత మాటే అంటే, ఆ తండ్రీకొడుకుల తగవు ఆయన మనసులోనే జరిగిందనాలి. బహుశా జరిగే ఉంటుంది!

పాత్ర ఏది, రచయిత ఏది అనే విచక్షణ ప్రభుత్వపు ఉత్తర్వులకు ఉండదు. మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. అయితే దొరల అనుమానం పూర్తిగా నిరాధారమని కూడా నేను అనను. గుంటూరులో వితంతు వివాహాలకు పూనుకొన్నవారు, 1922లో భార్య లక్ష్మీబాయమ్మగారితో కలిసి శారదానికేతనం స్థాపించినవారు, సమత్వాన్ని కేవలం పాత్ర కోసం పలికించారంటే ఎవరు నమ్ముతారు? పాట ఒంటరిగా చెప్పని సాక్ష్యాన్ని అక్కడ జీవితం చెప్పింది.

అమెరికాలో ఒక బడిపంతులుకూ ఇదే చిక్కు వచ్చింది. న్యూయార్కు ఉపాధ్యాయుడు ఏబెల్ మీరోపోల్ యూదుడు. నల్లవారిని చెట్లకు ఉరితీసే అమానుషం మీద ఆయన వ్రాసిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ను 1939లో బిల్లీ హాలిడే పాడింది. తరువాత శాసనసభ విచారణ సంఘం ఆయనను పిలిచి, కమ్యూనిస్టు పార్టీ డబ్బిచ్చి వ్రాయించిందా అని అడిగింది. పరుల బాధను ఒక మనిషి తనంతట తానే పాడగలడన్న ఊహ వారికి రాలేదు కాబోలు!

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 1972లో రాండీ న్యూమన్ ‘సెయిల్ అవే’ అనే పాటను బానిసల వర్తకుని గొంతుతో వ్రాశాడు. ఆఫ్రికావారిని తియ్యని మాటలతో ఓడ ఎక్కించే పాట అది. రాగం మధురం, మాట విషం. ఆ విషం వర్తకునిది. కవి దానిని బయటపెట్టినవాడు.

జానపదుల పాటకు ఈ విచారణ సాగదు. మన గుడియాత్తంలో ఏటా మే నెలలో గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. రేణుక తల అంత్యజ స్త్రీ మొండేనికి అతికిన కథ దాని వెనుక ఉన్నది. ఆ కథను పాడినవారి అభిప్రాయం ఏమని ఎవరిని అడుగుతాం? తరతరాలుగా వింటున్న మనల్నే అడగాలి.

ఇక మన బడి సంగతి. వార్షికోత్సవాలలో నల్లపిల్లను ఎగతాళి చేసే సినిమా పాటలకు పిల్లలు ఆడుతూ ఉంటారు. కవి పాత్ర కోసం వ్రాశాడని మనం సమాధానపడవచ్చు. చిత్రంలో ఆ పాత్ర ఎవరో, చివరకు ఏమయిందో తెలుస్తుంది. వేదికమీద కథ ఉండదు, పాట మాత్రమే ఉంటుంది. ముందువరుసలో కూర్చున్న నల్లని అమ్మాయికి కవి ఉద్దేశం ఎవరు వివరిస్తారు? ‘గొల్టి’ అనిపించుకొని ఇంటికి వచ్చిన మన తెలుగు పిల్లలకు ఆ నొప్పి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ కవికంటె, ఆ పాటను ఎంచుకొన్న పెద్దలమే జవాబుదారులం.

అందుచేత ఉపాధ్యాయులకు నాదొక మనవి. ఈ ప్లాటినం ఉత్సవాలలో ‘సమతాధర్మము’ పాడించండి. పాడబోయే ముందు ఒక విద్యార్థి లేచి, దానిని ఎవరు, ఎవరి పక్షాన, ఇక్కడికి ఎంత దగ్గరలో కూర్చుని వ్రాశారో రెండు మాటలు చెప్పాలి.