పాదం చూడటం నేర్పుదాం



స్కాలర్‌షిప్పులు, పుస్తకాల గురించి మాట్లాడటం మా టీచర్లకు అలవాటు. ఈసారి పాదాల గురించి మాట్లాడతాం.

మాతో పనిచేసి రిటైరైన అటెండరు చాచా ఒకాయన ఉండేవారు. ఇరవై ఏళ్లు బడి గంట కొట్టిన మనిషి. షుగర్ ఉంది. ఎండాకాలం మామిడితోట కాపలాకు పోయినప్పుడు చెప్పులోంచి ముల్లు దిగింది. ఆయనకు తెలియలేదు. నొప్పి లేదు కాబట్టి కుంటలేదు; కుంటలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ చూడలేదు. వాసన వచ్చాక చూశారు. హైదరాబాద్ తీసుకుపోయేసరికి మోకాలి కింద కాలు తీసేయక తప్పలేదు. మేమంతా చందాలు వేసుకొని చక్రాల కుర్చీ కొనిచ్చాం, ఫోటో కూడా దిగాం. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముల్లు దిగాక కూడా ఆయన పది రోజులు సాయంత్రాలు బడికొచ్చి మా మధ్యనే కూర్చున్నారు.

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే చాలామందికి పాదాల నరాలు మొద్దుబారతాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023లో అంచనా కట్టింది. నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో తేల్చింది కూడా మన దక్షిణాదిలోనే. 1946లో వెల్లూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్టు రోగుల పాదాలు పరిశీలించారు. మాంసం తనంతట తాను కుళ్లడం లేదని, స్పర్శ లేని పాదం మీద అలాగే నడవడం వల్ల పుండ్లు పడుతున్నాయని చూపారు. అలాంటి పాదాల కోసం తయారైన మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులనే ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకూ ఇస్తున్నారు.

బ్రిటన్‌లో పాదాల వైద్యానికి పోడియాట్రీ అని మూడేళ్ల డిగ్రీ ఉంది. మన దేశంలో 2021 చట్టంలో పోడియాట్రిస్టు పేరైతే చేరింది గాని, కొల్లాపూర్‌లో ఆ మాటే ఎవరూ విని ఉండరు. ఆ చదువులో తొలి పాఠాలు ఎలా ఉంటాయో తెలుసుకుంటే మా బి.ఎడ్. రోజులు గుర్తొచ్చాయి. మైక్రో టీచింగ్‌లో తోటివాళ్లే మా ముందు పిల్లల్లా కూర్చునేవారు. అక్కడా అంతే, మొదటి రోగి పక్క బెంచీ విద్యార్థే. ఒకరి పాదం ఒకరు పట్టుకొని పాదం పైన ఒకచోట, లోపలి చీలమండ వెనుక ఒకచోట నాడి వెతకాలి. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, ఆనెలు చూడాలి. తర్వాత మోనోఫిలమెంట్. అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు. ముందు చేతికి తాకించి చూపాలి. తర్వాత కళ్లు మూయించి, పోగు వంగేదాకా పాదానికి ఆనించాలి. "ఇప్పుడు తెలిసిందా?" అని అడగకూడదు. అడిగితే మన పెద్దలు మొహమాటానికి అవుననేస్తారు. తగిలినప్పుడు వాళ్లంతట వాళ్లే చెప్పాలి. జవాబు అందించే ప్రశ్న వేయొద్దని మాకు చెప్పింది కూడా ఇదే!

పోగు లేకపోతే ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ డాక్టర్ల పద్ధతి ఉంది. రెండు పాదాల్లో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను చూపుడు వేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకాలి. ఆరింటిలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. డాక్టరుకు చూపించాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

వుజూలో రోజుకు ఐదుసార్లు పాదాలు కడుగుతాం, వేళ్ల సందుల్లో వేలు పోనిస్తాం. కాని తడి తుడవం, అరికాలు చూడం. చలికాలం వేడినీళ్లు కాలితో చూస్తాం. మొద్దుబారిన కాలికి వేడి ఏం తెలుస్తుంది? మోచేత్తో చూడాలి.

కష్టం ఇంకోచోట ఉంది. చిన్నవాళ్లు పాదం ముట్టబోతే పెద్దలు "నక్కో బేటా" అని వెనక్కి లాక్కుంటారు. ఆడవాళ్ల పాదాలు చూడాలంటే ఆడపిల్లలే కావాలి. అందుకే ఇంటర్, డిగ్రీ చదివే పన్నెండు మందిని, అందులో ఎనిమిది మంది ఆడపిల్లలను, షుగర్ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి ఈ తొలి పాఠాలు నేర్పించాలనుకుంటున్నాం. వాళ్లు ఆనెలు కోయరు, పుండుకు మందు వేయరు. చూస్తారు, రాస్తారు, ఆసుపత్రికి పంపుతారు. అంతవరకే. జకాత్ సొమ్ము అర్హులైన పేదల చెప్పులకే వాడతాం. పోగులు, బస్సు చార్జీలు, శిక్షణ ఖర్చు విడిగా ఇచ్చే చందాల నుంచే. రెండింటికీ వేర్వేరు రసీదు పుస్తకాలు ఉన్నాయి.

జుహర్ తర్వాత, భోజనాలకు ముందు, వేలితో చేసే పరీక్ష ఇక్కడే చేసి చూపిస్తాం. ఆడవాళ్లకు పక్క గదిలో మా టీచరమ్మలు ఉంటారు. చెప్పులు బయట వదలకుండా చేత్తో పట్టుకొని రండి. వాటి లోపల కూడా చూడాలి.