అధికారం ఎవరి చేతికి దిగింది?



పైనున్న ప్రభుత్వాలు తమ అధికారాన్ని కిందికి ఎందుకు వదులుతాయి? ప్రజాస్వామ్యం మీద ప్రేమ ఒక్కటే కారణమైతే 1950లోనే ఆ పని జరిగేది. రాజ్యాంగం అప్పుడు పంచాయతీలను ఆదేశిక సూత్రాల్లో పెట్టి ఊరుకుంది. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన పంచాయతీ బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. రాష్ట్రాలను దాటేసి కేంద్రం నేరుగా గ్రామాలను తన వైపు తిప్పుకుంటుందని ప్రతిపక్షాలు అనుమానించాయి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మనకు మూడోవంతు స్థానాలు దక్కాయి. 2013 ఎన్నికల నాటికి మన రాష్ట్రంలో అవి సగమయ్యాయి. ఇది చిన్న విజయం కాదు.

రెండో కారణం ఖర్చు. దీన్ని అర్థం చేసుకోవడానికి మన డెల్టా చాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాలవల మీద పెత్తనం ఇంజనీర్లదే. పూడిక పేరుకుపోయి శివారు భూములకు నీరందని స్థితి వచ్చాక, ప్రపంచ బ్యాంకు మద్దతుతో ప్రభుత్వం 1997లో చట్టం చేసి కాలవల నిర్వహణను నీటి సంఘాలకు అప్పగించింది. అంతకు కొద్దికాలం ముందే నీటి తీరువాను దాదాపు మూడింతలు చేసింది. అంటే అధికారంతోపాటు బరువూ దిగింది.

అది ఎవరి చేతికి దిగింది? ఓటు భూమి రికార్డులో పేరున్నవాళ్లకే. రికార్డుకెక్కిన కౌలుదారుకూ చట్టం చోటిచ్చింది గానీ, మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాటే. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లిచ్చిన పొలం ఆమె పేరనే ఉన్నా, సమావేశానికి వెళ్లేది భర్త. నీళ్లు ఆలస్యమైతే ఊడ్పుల కూలి పోగొట్టుకునే స్త్రీకి ఆ సంఘంలో మాటే లేదు.

ఇంకొకటి గమనించండి. అదే 1997లో ప్రభుత్వం మద్యనిషేధం ఎత్తేసింది. నిషేధం కోసం పోరాడింది ఊళ్లలోని స్త్రీలు. ఎత్తేసే ముందు ఒక్క గ్రామసభనైనా అడిగారా? ఖర్చు తెచ్చే కాలవను కిందికి పంపి, ఆదాయం తెచ్చే మద్యం లెక్కను పైనే ఉంచుకున్నారు.

అందుకని వికేంద్రీకరణ వద్దని నేననను. ఎంత దిగిందన్న లెక్కతో సరిపెట్టుకోవద్దంటాను. భూమి పట్టాలో మన పేరు, నోటి కౌలుకు గుర్తింపు, నీటి సంఘంలో కూలి స్త్రీకి ఓటు, గ్రామసభకు మద్యం దుకాణాన్ని కాదనే హక్కు: వీటిని సాధించుకుంటేనే దిగివచ్చిన అధికారం మనదాకా వచ్చినట్టు.